బీదర్ కూడలిలో ఎత్తులు, పొత్తులు

మంచంతో సహా శత్రువు చేతికి చిక్కిన రాజులు చరిత్రలో అరుదు. బీదర్‌ను ఏలిన అమీర్ బరీద్‌కు ఆ ఘనత దక్కింది. 1529 ప్రాంతంలో బిజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా బీదర్ మీదికి దండెత్తి వచ్చాడు. అమీర్ బరీద్ కోటను కొడుకులకు అప్పగించి తాను ఉద్గీర్ వైపు వెళ్లి, బేరార్ పాలకుడి సాయం కోసం ఎదురుచూస్తూ విడిది చేశాడు. ఒక రాత్రి బాగా తాగి పడుకున్నాడు. కాపలావాళ్ల పరిస్థితీ అదే. బిజాపూర్ సేనాని అసద్ ఖాన్ లారీ కొద్దిమందితో లోపలికి దూరి, పడుకున్నవాణ్ణి లేపకుండా మంచాన్నే ఎత్తించి తమ శిబిరానికి నడిపించాడు. దారి మధ్యలో అమీర్ బరీద్‌కు మెలకువ వచ్చింది.

ఈ కథ చెప్పింది ఫెరిస్తా. ఆయన బిజాపూర్ కొలువులో కూర్చుని చరిత్ర రాసినవాడు, కాబట్టి బిజాపూర్ వాళ్ల చాకచక్యాన్ని కాస్త ముద్దుగానే చెబుతాడు. అయితే ఈ కథలో అసలు విశేషం మంచం కాదు, ఆ తర్వాత జరిగింది. రాజు బందీ అయ్యాడు, కోట పోయింది, ఖజానా పోయింది. బీదర్‌లో ఉన్న బహమనీ సుల్తానుల సింహాసనం మీద ఇస్మాయిల్ దర్జాగా కూర్చున్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆట కట్టు. అమీర్ బరీద్ మాత్రం మాటలతో తిరిగి లేచాడు. కల్యాణి, కంధార్ కోటలు అప్పగిస్తానని ఒప్పుకుని బీదర్‌ను మళ్లీ చేజిక్కించుకున్నాడు. బీదర్ చేతికొచ్చాక ఆ రెండు కోటల తాళాలు పంపడానికి అతనికి ఎప్పుడూ ఏదో ఒక అడ్డు తగిలేది. దక్కన్ నక్క అని అతన్ని ఊరికే పిలవలేదు.

ఇవాళ జహీరాబాద్ ప్రాంతంలో ఉన్న మొగుడంపల్లి ఆ నక్క రాజ్యపు తూర్పు అంచు. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వస్తే జహీరాబాద్. అక్కడి నుంచి ఒక దారి బీదర్‌కు చీలుతుంది, సుమారు ముప్పై కిలోమీటర్లు. చెరకు తోటలు, ఎర్రనేలలు, ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసిపోయే మాట. ఇక్కడివాళ్లకు సరిహద్దు కొత్త సంగతి కాదు. ఒకవైపు గోల్కొండ, ఇంకోవైపు బీదర్, కాస్త పైకి కల్యాణి, ఆ వెనక బిజాపూర్, అహ్మద్‌నగర్. నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ చిన్న ముక్క నేల మీద జరిగిన పోరులో కత్తి కన్నా కబురు ఎక్కువసార్లు గెలిచింది. గెలిచినప్పుడల్లా ఎంతకాలం నిలిచింది అన్నదే చిక్కు ప్రశ్న.

ఈ చిక్కునే మన కాలంలో కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్లు తలకెత్తుకున్నారు.

వంతులవారీగా ఆడే ఆటలు తెలుగునేలకు కొత్త కాదు. కృష్ణదేవరాయల కొలువులో బొడ్డుచర్ల తిమ్మన చదరంగంలో ఎదురులేనివాడని, అతనికి రాయలు అగ్రహారం ఇచ్చాడని చాటుకథ ఉంది. కానీ చదరంగంలో ఉండేది ఇద్దరే. అక్కడ సంధికి తావు లేదు. మూడోవాడు బల్ల దగ్గర కూర్చున్నప్పుడే రాయబారం మొదలవుతుంది. ఈ సంగతిని ఆటగా మలిచినవాడు అమెరికాకు చెందిన అలన్ కాల్హమర్. 1950ల్లో రూపుదిద్ది, 1959లో సొంత ఖర్చుతో ఐదు వందల ప్రతులు అచ్చువేసి అమ్మిన ఆ బల్ల ఆట పేరే డిప్లొమసీ. 1901 నాటి యూరప్ పటం, ఏడు రాజ్యాలు. పాచికలు లేవు, అదృష్టం లేదు. వంతు వంతుకూ మధ్య ఆటగాళ్లు పక్కకు వెళ్లి గుసగుసలాడుకుంటారు, మాట ఇచ్చుకుంటారు. తర్వాత అందరూ తమ ఎత్తులను కాగితం మీద రాసి ఒకేసారి విప్పుతారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని నియమం ఎక్కడా లేదు. పటంలో ఉన్న ముప్పై నాలుగు కేంద్రాల్లో పద్దెనిమిది పట్టినవాడిదే గెలుపు. ఇంకొకరి సాయం లేకుండా ఎవరూ అంత దూరం రాలేరు, చివరికి ఆ సాయం చేసినవాణ్ణి ముంచకుండానూ గెలవలేరు. అరవై ఏళ్లుగా స్నేహాలు చెడగొట్టిన ఆటగా దానికి పేరు నిలిచిపోయింది.

కంప్యూటర్‌కు గుసగుసలు రావు. అందుకే అక్కడ రాయబారాన్ని లెక్కగా మార్చాల్సి వచ్చింది. 1991లో సిడ్ మేయర్ సివిలైజేషన్ వచ్చినప్పుడు అందులో రాయబారులున్నారు, సంధులున్నాయి కానీ, వాటితో ఆట గెలిచే దారి లేదు. లోకాన్నంతా జయించాలి, లేదా ఆల్ఫా సెంటారీకి నౌక పంపాలి. భారతీయుల నాయకుడిగా అందులో గాంధీని పెట్టారు. ఆ గాంధీ అణుబాంబులు వేయడానికి ఒక లెక్కల తప్పే కారణమని కథ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అలాంటి తప్పేమీ లేదని మేయర్ 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చేశాడు. అయినా ఆ కథ చావలేదు. నవ్వించే అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ.

ఓట్లతో గెలిచే దారిని బాగా నడిపించిన తొలి ఆటల్లో ఒకటి 1993 నాటి మాస్టర్ ఆఫ్ ఓరియన్. నక్షత్రాల మధ్య రాజ్యాలు. కొన్ని వంతులకోసారి సభ కూడుతుంది. జనాభాను బట్టి ఓట్లు. మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చినవాడు చక్రవర్తి. ఓడినవాడికి ఒక హక్కు మిగులుతుంది, తీర్పును ఒప్పుకోనని తేల్చిచెప్పొచ్చు. చెబితే మిగిలినవాళ్లంతా ఒక్కటై అతని మీద పడతారు. 1999లో వచ్చిన ఆల్ఫా సెంటారీలో గెలుపుకు నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అందులో ఐక్యరాజ్య సమితి వారసుల ముఠాకు నాయకుడు ప్రవీణ్ లాల్ అనే భారతీయ వైద్యుడు. ఎన్నికల్లో అతని ఓట్లు రెట్టింపు లెక్కకు వస్తాయి. మన దేశం వాళ్లు ప్రసంగాలతో గెలుస్తారని అమెరికా వాళ్లకు గట్టి నమ్మకం కాబోలు.

2001లో సివిలైజేషన్ మూడో భాగం నుంచి ఐక్యరాజ్య సమితి ఓటు ఆ ఆటల్లో గెలుపు దారి అయింది. 2010 నాటి ఐదో భాగంలో చిన్న నగర రాజ్యాలు వచ్చాయి. వాటికి బంగారం పంపి మంచి చేసుకున్నవాడికే వాటి ఓట్లు. ఇది దౌత్యం గెలుపు కాదు, డబ్బు గెలుపు అని ఆటగాళ్లు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో నిజముంది. అయితే డబ్బు లేని దౌత్యం ఎక్కడ నడిచిందో వాళ్లు చెప్పలేదు. 2019లో ఆరో భాగానికి వచ్చిన అనుబంధంలో పద్ధతి ఇంకా ముదిరింది. దౌత్య పాయింట్లు ఇరవై పోగేసినవాడు గెలుస్తాడు. కానీ ఎవరైనా ఆ అంకెకు దగ్గరపడితే, ప్రపంచ సభలో మిగతావాళ్లు ఓటు వేసి అతని పాయింట్లు కోసేస్తారు. ముందున్నవాణ్ణి వెనక్కి లాగడమే సభకు పని.

ఈ చివరి నియమాన్ని బీదర్ పరిసరాల్లో నాలుగున్నర శతాబ్దాల కిందటే ఒకడి మీద ప్రయోగించారు. అతని పేరు అళియ రామరాయలు.

ఆరవీటి వంశంవాడు, కృష్ణదేవరాయల అల్లుడు. గోల్కొండ చరిత్రకారుడొకరు రాసిన దాని ప్రకారం, అతను మొదట కొలువు చేసింది గోల్కొండలో సుల్తాన్ కులీ దగ్గరే. అంటే ఆవలి పక్షం కొలువు ఎలా నడుస్తుందో, ఎవరికి ఎవరంటే పడదో లోపలి నుంచి చూసినవాడు. 1540ల్లో సదాశివరాయలను సింహాసనం మీద కూర్చోబెట్టి విజయనగర అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. ఉత్తరాన బిజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్, బేరార్ అనే ఐదు సుల్తానుల రాజ్యాలు. వాటిలో ఏ ఒక్కటీ విజయనగరానికి సరితూగదు, ఐదూ కలిస్తే విజయనగరం వాటికి సరితూగదు. రామరాయలు ఇరవై ఏళ్ల పాటు చేసిన పనంతా ఆ ఐదూ కలవకుండా చూడటమే.

తొలి పాఠం 1543లో బిజాపూర్ నేర్పింది. విజయనగరం, అహ్మద్‌నగర్, గోల్కొండ మూడూ ఒకేసారి బిజాపూర్ మీదికి వచ్చాయి. అప్పుడు బిజాపూర్‌కు దారి చూపినవాడు మంచం దొంగ అసద్ ఖానే. అహ్మద్‌నగర్‌కు షోలాపూర్ వైపు నేల ఇవ్వమన్నాడు, రామరాయలకు ధనం పంపమన్నాడు. ఇద్దరూ వెనుదిరిగారు. మిగిలిన గోల్కొండ జంషీద్ ఒంటరివాడయ్యాడు. అతన్ని అసద్ ఖాన్ తరిమి తరిమి కొట్టాడు. ఆ పోరులో జంషీద్ ముఖం మీద కత్తి గాటు పడింది, దాని గుర్తు బతికినన్నాళ్లూ పోలేదు. ముగ్గురు శత్రువులుంటే ఇద్దర్ని కొనడం ఒకర్ని కొట్టడం కన్నా చవక అని రామరాయలు చూశాడు, తానూ పాటించాడు.

ఈ జంషీద్ అదే ఏడు తండ్రి సుల్తాన్ కులీని చంపించి గోల్కొండ గద్దెక్కినవాడు. తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో ముందు బీదర్‌కు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. రామరాయలు అతనికి ఏడేళ్లు ఆశ్రయమిచ్చాడు. ఆ ఏడేళ్లలో ఇబ్రహీంకు తెలుగు పట్టుబడింది. 1550లో జంషీద్ పోయాక తిరిగివచ్చి గోల్కొండ సుల్తాను అయ్యాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడని పిలిచారు, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వచ్చే దారిలోనే ఉన్న పటాన్‌చెరులో అతని అధికారి అమీన్‌ఖాన్ పొన్నగంటి తెలగన చేత అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాయించుకున్నాడు. ఆటల భాషలో ఇది సంస్కృతి పాయింట్లు. రాజకీయం భాషలో రామరాయలు పెట్టిన పెట్టుబడికి వచ్చిన రాబడి. గోల్కొండ గద్దె మీద తన ఉప్పు తిన్నవాడు కూర్చున్నాడు.

ఇక అక్కడి నుంచి పొత్తులు వానాకాలం పోయి వానాకాలం వచ్చేలోపు మారాయి. ఒక దశలో అహ్మద్‌నగర్‌తో కలిసి బిజాపూర్ మీద, మరో దశలో బిజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీద. మధ్యలో రాజులందరూ కృష్ణా భీమా కలిసే చోట కూడి ఒకరి జోలికొకరు పోవద్దని ఒప్పందం చేసుకున్న సందర్భమూ ఉంది. ఈ తిరుగుడు అంతటికీ ఇరుసు కల్యాణి కోట, ఇవాళ్టి బసవకల్యాణ్. అహ్మద్‌నగర్‌కు, బిజాపూర్‌కు, గోల్కొండకు మూడింటికీ దారి చూపే చోట ఉంది. ఎవరి చేతిలో ఉన్నా మిగతా ఇద్దరికి నిద్ర పట్టదు.

1558లో బిజాపూర్ గద్దె ఎక్కిన అలీ ఆదిల్ షా రామరాయల కొడుకు పోయాడని తెలిసి పరామర్శకు కొద్దిమందితో నేరుగా విజయనగరానికే వెళ్లాడు. రామరాయల భార్య అతన్ని కొడుకుగా చేసుకుంది. ఇంత సాహసం చేసినవాణ్ణి సాగనంపడానికి రామరాయలు ఊరి బయటి దాకా రాలేదని, ఆ చిన్నచూపు అలీ మనసులో ఉండిపోయిందని ఫెరిస్తా రాశాడు. ఆ తర్వాత ఇద్దరూ, గోల్కొండ ఇబ్రహీం కూడా కలిసి అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా మీదికి పోయారు. హుస్సేన్ సంధికి వచ్చాడు. కల్యాణి ఇచ్చేయాలి, తన వైపు పోరాడిన ఒక సేనానిని చంపించాలి, స్వయంగా రామరాయల డేరాకు వచ్చి తాంబూలం పుచ్చుకోవాలి. మూడూ చేశాడు. రామరాయల చేయి తాకిన వెంటనే నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడని, రామరాయలు మండిపడి తానూ కడుక్కున్నాడని మళ్లీ ఫెరిస్తాయే. కల్యాణి పోవడం రాజ్యానికి నష్టం. తాంబూలం మనిషికి అవమానం. మొదటిది మర్చిపోవచ్చు.

రామరాయల తప్పు ఇక్కడే మొదలైందని చెప్పాలి. ఎవర్నీ పూర్తిగా తుడిచిపెట్టకుండా, ఎవర్నీ బలపడనీయకుండా నడిపిన లెక్కలో అతను ఒక్క అంకె వదిలేశాడు. ప్రతి పొత్తులోనూ గెలిచేది తానే అన్న సంగతి అవతలివాళ్లకూ కనిపిస్తోంది. 1563లో ఇబ్రహీం కుత్బ్ షా కల్యాణి దగ్గర హుస్సేన్ కూతుర్ని పెళ్లాడి ఆ పక్షం చేరాడు. రామరాయలు తన ఉప్పు తిన్నవాడి మీద దండెత్తి పానగల్లు, ఘనపురం, కోయిలకొండ వైపు కోటలు గుంజుకున్నాడు. గోల్కొండ దక్షిణ అంచు అంతా తెరిచిన వాకిలి అయింది.

1564లో ఇబ్రహీం తన మంత్రి ముస్తఫా ఖాన్‌ను రాయబారిగా పంపాడు. ఈ ముస్తఫా ఖాన్ చేసిన పని దక్కన్ చరిత్రలో అన్ని యుద్ధాల కన్నా పెద్దది. అహ్మద్‌నగర్‌కు, బిజాపూర్‌కు తరాల పగ. పగకు కారణం షోలాపూర్ కోట. పరిష్కారం పెళ్లిలో దొరికింది. హుస్సేన్ కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకు ఇచ్చారు, షోలాపూర్ అరణంగా వెళ్లింది. అలీ చెల్లెలు హుస్సేన్ కొడుకు ముర్తజాకు ఇల్లాలైంది. ఎన్నో ఏళ్లుగా తగవుగా ఉన్న కోట ఎవరి పరువూ పోకుండా చేతులు మారింది. బీదర్ అలీ బరీద్ కూడా వచ్చి చేరాడు, నక్క కొడుకు గాలి ఎటు వీస్తుందో గుర్తించకుండా ఎలా ఉంటాడు? బేరార్ ఒక్కటి దూరంగా ఉంది.

1565 జనవరి 23న తళ్లికోట పోరులో రామరాయలు పట్టుబడి హుస్సేన్ ఆజ్ఞతో తల పోగొట్టుకున్నాడు. పాఠ్యపుస్తకాలు ఆ రోజు ఫిరంగుల గురించి, ఏనుగుల గురించి చెబుతాయి. నిజానికి విజయనగరం ఓడిపోయింది అంతకు కొన్ని నెలల ముందు, పెళ్లి పందిళ్లలో. రాయబారంతో ఇరవై ఏళ్లు గెలిచినవాణ్ణి రాయబారంతోనే పడగొట్టారు.

విచిత్రమేమిటంటే, ఆ గెలుపు కూడా నిలవలేదు. రామరాయల తమ్ముడు తిరుమల రాయలు పెనుకొండకు తరలిపోయాక సుల్తానులకు ఉమ్మడి శత్రువు లేడు. కొన్నేళ్లలోనే వియ్యంకులు మళ్లీ కత్తులు దూశారు. 1574లో అహ్మద్‌నగర్ బేరార్‌ను మింగింది. 1619లో బిజాపూర్ బీదర్‌ను మింగింది. ఆ తర్వాత మొగలులు వరసగా మిగిలినవాటిని మింగారు, 1686లో బిజాపూర్, 1687లో గోల్కొండ. కంప్యూటర్ ఆటలో ఓటు నెగ్గగానే తెర మీద బాణసంచా కాలుతుంది, ఆట ఆగిపోతుంది. దక్కన్‌లో తర్వాతి వంతు ఎప్పుడూ ఉంది. బీదర్ నక్కలు నూటపాతికేళ్లు నిలిచింది ఈ గుట్టు తెలిసే. వాళ్లు గెలవాలని ఎప్పుడూ చూడలేదు. ఇంకో వంతు ఆడటానికి బల్ల దగ్గర చోటుంటే చాలనుకున్నారు.

తెలుగువాళ్లకు రాయబారం అనగానే గుర్తొచ్చేది నాటకాల్లోని కృష్ణ రాయబారం. పల్నాటి కథలో అలరాజు రాయబారానికి వెళ్లి విషానికి బలయ్యాడు. రెండూ విఫలమైన రాయబారాలే. జనానికి వాటి మీద అంత మక్కువ ఎందుకంటే తర్వాత యుద్ధం రంజుగా ఉంటుంది కనుక. ఫలించిన రాయబారాల మీద పద్యాలు రావు. ముస్తఫా ఖాన్ మీద ఎవరూ నాటకం ఆడరు.

ఈ నేల మీదే, దాదాపు నాలుగు శతాబ్దాల తర్వాత, ఇంకో రాజు ఓట్లతో గెలవాలని చూశాడు. ఈసారి బల్ల నిజంగానే ఐక్యరాజ్య సమితిది.

హైదరాబాద్ నిజాములు రాయబారంతో బతికిన వంశం. మరాఠాలు, టిప్పు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లిషువాళ్ల నడుమ రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ అందరికీ మాట ఇచ్చి, చివరికి 1798, 1800 ఒప్పందాలతో ఈస్టిండియా కంపెనీ సైన్యం నీడన చేరాడు. సైన్యం ఖర్చుకు సీమలు పోయాయి కానీ గద్దె మిగిలింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధానికి ధనం ధారపోసి, 1918లో నమ్మకమైన మిత్రుడన్న బిరుదు పుచ్చుకున్నాడు. ఆటగాళ్ల పద్ధతిలో చెప్పాలంటే, ఒకే రాజ్యంతో సంబంధాల పాయింట్లు గరిష్ఠానికి చేర్చాడు. 1947 ఆగస్టు 15న ఆ రాజ్యమే ఆట నుంచి లేచి వెళ్లిపోయింది.

మిగిలింది భారత ప్రభుత్వంతో బేరం. నిజాం తరఫున ఇంగ్లండ్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్, ప్రధాని ఛత్తారీ నవాబు ఢిల్లీ చుట్టూ తిరిగి ఒక యథాతథ ఒప్పందం సిద్ధం చేశారు. అక్టోబర్ 27 తెల్లవారుజామున రాయబారుల ఇళ్లను విలీనాన్ని వ్యతిరేకించే ఇత్తెహాద్ పార్టీ మూకలు చుట్టుముట్టి, వాళ్లను బయల్దేరనివ్వలేదు. ఛత్తారీ తప్పుకున్నాడు. కొత్త రాయబారులు వెళ్లి నవంబర్ 29న దాదాపు అదే ఒప్పందం మీద సంతకం పెట్టించుకొచ్చారు, ఏడాది గడువుతో. ఆ ఏడాదిలో ఇత్తెహాద్ దళమైన రజాకార్ల దౌర్జన్యాలు, ఊళ్లలో రైతాంగ పోరు, సరిహద్దు దిగ్బంధం, పాకిస్తాన్‌కు ఇరవై కోట్ల అప్పు. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ వెళ్లిపోయే ముందు చివరి ముసాయిదా ఒకటి బల్ల మీదికి వచ్చింది. నిజాంకు అంత వెసులుబాటు ఇచ్చిన కాగితం అంతకుముందు లేదు, ఆ తర్వాత రాలేదు. సంతకం కాలేదు. బీదర్ నక్క అయితే ముందు సంతకం పెట్టి, తర్వాత తాళాల సంగతి చూసుకునేవాడు.

ఆగస్టు 21న హైదరాబాద్ భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో బృందం పారిస్ చేరింది. మండలి ఆ విషయాన్ని కార్యక్రమ పట్టికలో చేర్చాలా వద్దా అన్న ఓటింగ్ సెప్టెంబర్ 16న జరిగింది. ఎనిమిది మంది సరేనన్నారు, ముగ్గురు తటస్థంగా ఉన్నారు, వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. అంకెలు మాత్రమే చూసేవాడికి హైదరాబాద్ గెలిచినట్టే.

అదే రోజు తెల్లవారాక షోలాపూర్ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం జహీరాబాద్ వైపు కదిలింది. మూడు రోజుల కిందట నల్దుర్గ్ దగ్గర మొదలైన దండు అది, నడిపిస్తున్నవాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. దారిలో పాతిన మందుపాతరలు తీయడానికి కొంత సమయం పట్టింది. బీదర్ దారి, షోలాపూర్ హైదరాబాద్ రహదారి కలిసే కూడలిలో మాటు వేసినవాళ్లు కాల్పులు జరిపారు. కొంత దళాన్ని అక్కడ వదిలి మిగతా సైన్యం సాగిపోయింది, చీకటి పడేసరికి జహీరాబాద్ దాటింది. మర్నాడు సాయంత్రం నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు ఆయుధాలు దించాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని నిజాం పారిస్‌కు తంతి పంపించాడు. తర్వాతి సమావేశంలో మొయిన్ నవాజ్ జంగ్ ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో మండలి తేల్చుకోలేకపోయింది.

ఆట పోలిక ఇక్కడ ఆపాలి. పోలీసు చర్య అని పేరుపెట్టిన ఈ సైనిక చర్య ముగిశాక సంస్థానం పడమటి జిల్లాల్లో ముస్లింల మీద హత్యలు, దోపిడీలు జరిగాయి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్య ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని చెప్పింది. జహీరాబాద్ తాలూకా అప్పుడు బీదర్ జిల్లాలోదే. అంతకు ముందు రజాకార్ల చేతిలో తగలబడ్డ ఊళ్లూ ఈ సంస్థానంలోవే. అప్పటికే కుదరబోయి చెడిన ఒప్పందాల లెక్క పక్కన ఈ లెక్క కూడా రాసుకోవాలి. కంప్యూటర్ ఆటలో ఒక వంతు తప్పితే ఊరు రంగు మారుతుంది, అంతే.

దీని తర్వాత ఈ నేల మీద గీత గీసింది సైన్యం కాదు, సుల్తాను కాదు. ఫజల్ అలీ కమిషన్ 1955లో నివేదిక ఇచ్చింది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదర్ జిల్లాను ముక్కలు చేసింది. జహీరాబాద్ తాలూకాలో నిర్ణా సర్కిల్ తప్ప మిగతాది, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. నిర్ణా, బీదర్ మైసూరు వైపు పోయాయి. అమీర్ బరీద్ మంచం కథలో ఉన్న ఉద్గీర్ చివరికి మహారాష్ట్రదైంది. 2016లో తెలంగాణలో కొత్త మండలాలు ఏర్పడినప్పుడు జహీరాబాద్ మండలం నుంచి విడిపోయి మొగుడంపల్లి సొంతంగా మండల కేంద్రమైంది, కొత్త సంగారెడ్డి జిల్లాలో. ఎవరూ ఎవరి మీదా దండెత్తకుండా ఇక్కడి హద్దులు మారాయి. తాలూకాను సర్కిళ్లుగా విడదీసి ఏ భాష మాట్లాడేవాళ్లు ఎటు ఉండాలో లెక్క వేసిన ఆ గుమాస్తాల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ముస్తఫా ఖాన్‌కైనా ఫెరిస్తా దొరికాడు.